అభ్యంతరం లేని ఊరు

జూలై 18

వంతెన పోయింది.

మధ్యాహ్నం ఫుకి అక్క గొడుగైనా లేకుండా పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. "కిసా, రెండో వంతెన కొట్టుకుపోయిందే! నడిమి స్తంభాలు రెండూ లేవు. పట్టాలు దండెం మీద బట్టల్లా వేలాడుతున్నాయి" అంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ వానలో నది దాకా పోయి చూసొచ్చింది. ముందు తిట్టాను, తర్వాత తువ్వాలు ఇచ్చాను.

మా ఆయన టీవీ ముందు నుంచి కదల్లేదు. "స్తంభాలు పోయాక పట్టాలు వేలాడక ఏం చేస్తాయి" అన్నారు. ఆ పట్టాల మీద నలభై ఏళ్ళు గ్యాంగ్‌మన్‌గా చేసిన మనిషి అనాల్సిన మాటేనా అది?

రేపు శుక్రవారం, ఆస్పత్రి రోజు. వారానికి మూడుసార్లు కిందికి, సకాషితకి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోకపోతే ఈయన బతకరు. రైలు లేకుండా ఎలా వెళ్ళడం? ఈయన కళ్ళు మసకబారాక కారు లైసెన్సు తిరిగి ఇచ్చేశారు. నేను నేర్చుకుంటానన్నప్పుడల్లా "ఇంటి ముందు రైలుండగా కారెందుకే" అని నోరు మూయించారు.

జూలై 19

అగ్నిమాపక దళం వాళ్ళ జీపులో కనుమ దారిన వెళ్ళొచ్చాం. దారి పొడుగునా ఈయన ఆ డ్రైవరుకి క్షమాపణలు చెబుతూనే ఉన్నారు. ప్రాణం పోతున్నది ఈయనది, క్షమాపణలూ ఈయనవే.

నెలలో బాగుచేస్తారట.

జూలై 23

నెల కాకపోతే రెండు నెలలు. మంచు పడేలోగా చేస్తారు. ఎప్పుడు పాడైనా చేశారు కదా.

ఆగస్టు 2

రైలుకి బదులు బస్సు వేశారు. కొత్తది, శుభ్రంగా ఉంది, డ్రైవరు ఎక్కే ప్రతివాళ్ళకీ వంగి నమస్కారం పెడతాడు. కానీ కనుమ దారిలో వంపులు ఎన్నని! రైలు కొండని తొలుచుకుని నేరుగా పోయేది, బస్సేమో కొండ చుట్టూ ప్రదక్షిణం చేస్తుంది. డయాలసిస్ అయ్యాక ఈయనకి ఒంట్లో నీరసం, తల తిరుగుడు. తిరుగు ప్రయాణంలో మూడో వంపు దగ్గర వాంతి చేసుకున్నారు. డ్రైవరు ఆపి, నీళ్ళిచ్చి, తనే తుడిచాడు. మంచి పిల్లాడు. ఈయన ఇంటికొచ్చాక కూడా ఆ అబ్బాయి బూట్ల గురించే బాధపడుతున్నారు.

ఆగస్టు 4

ఊరంతా కలిసి స్టేషను దగ్గర కలుపు తీశాం. "సర్వీసు నిలిపారు అంటే ఎత్తేశారని కాదు. రైలు వచ్చేసరికి పట్టాల మీద గడ్డి ఉంటే మన ఊరికే నామర్దా" అని ఊరిపెద్ద ఒనోదెర గారు ఇంటింటికీ కబురు పెట్టారు. ఇరవై ఏడు ఇళ్ళ నుంచీ మనిషి వచ్చాడు. స్టేషను ముందు కార్లు పెట్టడానికి చోటు చాలలేదు.

ఫుకి అక్క ఊరుకుంటుందా! కొడవలి పట్టుకుని నడుము మీద చెయ్యి వేసుకుని, "రైలు కావాలని కార్లెక్కి వచ్చారూ! మీలో చివరిసారి టికెట్టు కొన్నవాడు ఎవడ్రా, చెయ్యెత్తండి" అని కేకేసింది. అందరూ నవ్వారు. ఎవడూ ఎత్తలేదు. ఎత్తగలిగింది మేమిద్దరమే, కానీ మాది టికెట్టు కాదు, నెలవారీ పాసు.

ఈయన వద్దన్నా వినకుండా వచ్చి కూర్చుని, పట్టాల పక్క రాళ్ళ మధ్య నుంచి గడ్డి పీకారు. ఎండలో వద్దండీ అంటే "నీడలోనే ఉన్నానుగా" అన్నారు. అక్కడ నీడ లేదు.

ఆగస్టు 13

పితృదేవతల పండుగ. దోసకాయకి పుల్లలు గుచ్చి గుర్రం చేసి పీఠం మీద పెట్టాను. పెద్దలు దాని మీద ఎక్కి ఇంటికొస్తారు కదా. ఫుకి అక్క చూసి "మీ మావగారు గుర్రం ఎందుకెక్కుతాడే, జీవితమంతా రైలే ఎక్కాడు. పాపం ఈ ఏడు బస్సుకి నిలబడాలి" అంది. చాలా రోజుల తర్వాత మా ఆయన నవ్వారు.

ఆగస్టు 29

వంతెన దగ్గర పని మొదలవలేదు. కొలుస్తున్నారట.

సెప్టెంబరు 10

పట్టణం కచేరీ నుంచి నుమకుర అనే కుర్రాడొచ్చాడు. ముప్పై ఉంటాయేమో. బీన్సు ముద్ద పెట్టిన మిఠాయి పెట్టె చేతిలో పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, తల చాపకి ఆనేలా దండం పెట్టాడు. "తమేజి గారూ, కుజుమి లైను చరిత్ర పుస్తకంగా వేస్తున్నాం. మీ నోటి వెంట వినాలని వచ్చాను" అన్నాడు.

మా ఆయన ఇన్ని మాటలు మాట్లాడగలరని నాకు పెళ్ళయి నలభై ఏళ్ళయినా తెలీదు. టీ మూడుసార్లు కాచాను.

మూడో సొరంగం తవ్వింది మా మావగారి జట్టు. అప్పట్లో ఊళ్ళో నెలల తరబడి మంచు, చేలల్లో పనుండదు. కూలి కింద బియ్యం ఇస్తామంటే మగవాళ్ళందరూ గునపాలు పట్టారట. కప్పు కూలి ఇద్దరు పోయారు. సొరంగం నోటి దగ్గర రాతి దేవుడు వాళ్ళ కోసమే. మొదటి రైలొచ్చిన రోజు ఫుకి అక్క అత్తగారి అత్తగారూ ఇంకో నలుగురు ముసలమ్మలూ, ఇల్లంత శుభ్రంగా ఉంది కదా అని చెక్క చెప్పులు ప్లాట్‌ఫారం మీద విప్పి రైలెక్కారట. సకాషితలో దిగి చూసుకుంటే చెప్పుల్లేవు. ఊరు ఊరంతా ఏళ్ళ తరబడి ఆ సంగతి చెప్పుకుని నవ్విందట. తర్వాత గని నుంచి రాగి రాయి. తర్వాత యుద్ధం. జెండాలూపి పంపిన కుర్రాళ్ళు తెల్లగుడ్డ చుట్టిన పెట్టెల్లో అదే రైల్లో తిరిగొచ్చారు.

"మార్చి నెల రైలు సంగతి కూడా రాయి బాబూ" అన్నారు ఈయన. "బడి అయిపోయిన పదిహేనేళ్ళ పిల్లల్ని టోక్యో మిల్లులకి తీసుకుపోయేది. మా అక్క అందులోనే వెళ్ళింది. కాగితం రిబ్బన్లు ఇటు కొస మేం పట్టుకుంటే అటు కొస వాళ్ళు కిటికీలోంచి పట్టుకునేవాళ్ళు. రైలు కదిలాక అవి ఒక్కొక్కటే తెగేవి. ఆ తెగిన రిబ్బన్లు పట్టాల మీద నుంచి ఏరడం నేను ఉద్యోగంలో చేరాక చేసిన మొదటి పని."

గని మూతపడింది. అప్పట్నుంచి ఇది నష్టాల లైను అన్నారు. ఎత్తేస్తామన్నారు, ఊరు మొత్తుకుంది, ఆపారు. మళ్ళీ అన్నారు, మళ్ళీ మొత్తుకుంది. "మొత్తుకున్నప్పుడల్లా ఆపారు బాబూ" అని ఈయన చెబుతుంటే నుమకుర తలవంచుకుని రాసుకున్నాడు.

వాడు వెళ్ళాక ఫుకి అక్క మిఠాయి నోట్లో వేసుకుంటూ అంది, "చరిత్ర రాస్తున్నారంటే ఇక పోయినట్టేనే కిసా. మా అత్తగారు ఇంకా రెండు పూటలా తింటూండగానే మా ఆయన ఆవిడ ఫొటో పెద్దది చేయించుకొచ్చాడు."

సెప్టెంబరు 11

ఫుకి అక్క నోటికి హద్దూ అదుపూ లేదు. చరిత్ర రాస్తే మంచిదే. చదివి గౌరవం పెరిగి బాగుచేస్తారు.

సెప్టెంబరు 27

వంతెన దగ్గర కొలతలు అయిపోయాయట. కొలిచినవాళ్ళు వెళ్ళిపోయారు.

అక్టోబరు 5

ఒనోదెర గారు ఇంటింటికీ తిరుగుతున్నారని రెండు రోజులుగా తెలుసు. ఈవేళ మా ఇంటికొచ్చారు. ఈయనా ఆయనా బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఆయన ముల్లంగి గురించి మాట్లాడారు, అడవిలో పుట్టగొడుగుల గురించి మాట్లాడారు, తన మోకాలి నొప్పి గురించి మాట్లాడారు. అసలు సంగతికి వచ్చేసరికి టీ చల్లారిపోయింది.

"వంతెన కట్టాలంటే సగం ఖర్చు మన పట్టణమే పెట్టుకోవాలట తమేజీ. కచేరీ వాళ్ళు తల పట్టుకున్నారు. బస్సునే శాశ్వతం చేస్తే ఎలా ఉంటుందని అడుగుతున్నారు. ఇరవయ్యో తేదీ బళ్ళో సభ. నేను ఒప్పుకోమనడం లేదు సుమా. నీ మనసులో ఏముందో తెలుసుకుందామని..."

నేను వంటగదిలో నుంచుని వింటున్నాను. ఇప్పుడు చెబుతారు అనుకున్నాను.

"అందరూ ఆలోచించే కదా అంటారు. ఏం చేస్తాం" అన్నారు ఈయన.

"అంతేనంటావా?"

"అంతే కదా మరి."

"శీతాకాలం కనుమ మూసుకుపోతే నీకు ఇబ్బంది కదూ?"

"నా ఒక్కడి సంగతేముందిలే."

"నిజంగా అంతేనంటావా?"

"అంతే."

ఒనోదెర గారు ఆ చల్లారిన టీని చాలాసేపు తాగారు. బూట్లు తొడుక్కోవడానికి కూడా ఎంతసేపో. ముసలి నక్క, అనిపించుకోవాల్సింది అనిపించుకుని పోయాడు.

అక్టోబరు 6

ఆదివారం పొద్దున్నే పోట్లాడుకున్నాం. నేనే మొదలెట్టాను.

"కనుమ మీద మంచు పడితే బస్సు రాదు. వారంలో ఒక్కసారి తప్పితే ఒళ్ళు ఉబ్బుతుంది, రెండుసార్లు తప్పితే ఏమవుతుందో డాక్టరు మీ ముందే చెప్పాడు. మీరు సభలో చెప్పకపోతే నేను చెబుతాను."

"చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు? చావమంటారా?"

"ఏమే, ఒక్కడి మూత్రపిండాల కోసం ఇంత పెద్ద వంతెన కట్టండని ఊరిని అడుగుతానా? ఆ డబ్బుతో బడి పిల్లలకి ఏదైనా చేస్తారు. రేపు వీధిలో నడిచేటప్పుడు ఒక్కొక్కడి మొహం ఎలా చూడను? అదిగో, వాడి కోసమే మన పన్ను పోయిందంటారు."

"ఎవరూ అనరు."

"పైకి అనరు. అదే నేను చెప్పేది."

నోరు విప్పనని నా చేత మాట తీసుకున్నారు. నేను ఇచ్చాను. ఇవ్వకపోతే బిళ్ళలు వేసుకోనని కూర్చున్నారు, పసిపిల్లాడిలాగా. నాకు కోపం ఆయన మీదో నా మీదో తెలీడం లేదు. పొయ్యి మీద చేప మాడిపోయింది.

ఏమో, సభలో వేరేవాళ్ళెవరైనా అంటారు. ఫుకి అక్క అనకుండా ఉంటుందా? ఊరికే ఉండదు. ఆవిడ చాలు.

అక్టోబరు 20

అయిపోయింది.

మూతపడిన బడి ఆటల హాల్లో సభ. చాపల మీద ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటివాళ్ళుగా వరుసల్లో కూర్చున్నాం. మేం రెండో వరుసలో కుడివైపు. నుమకుర గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. రోజూ ఎంతమంది ఎక్కారు, ఎంత నష్టం, బస్సయితే ఎంత మిగులు. చెబుతున్నంతసేపూ వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి. అయ్యాక ఒనోదెర గారు లేచి అందరి వైపూ చూశారు.

"విన్నారు కదా. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

ఎవరూ దగ్గలేదు కూడా.

తలలు మా వైపు తిరిగాయి. సూటిగా కాదు, కొంచెం కొంచెంగా. ముందు వరుసలో ఉన్న ఫుకి అక్క కూడా భుజం మీదుగా చూసింది. మేం గొడవ చేస్తామేమోనని చూస్తున్నారు కాబోలు అనుకున్నాను. నాకు సిగ్గేసింది. చావు మాది, సిగ్గూ మాదే. ఈయన తన మోకాళ్ళ వంక చూసుకుంటూ నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆయన పట్టుకున్న ఆ చేతికే డయాలసిస్ గొట్టాలు గుచ్చేది. నేను విదిలించుకుంటే నొప్పెడుతుంది.

"అభ్యంతరం... ఎవరికీ లేదా?" అన్నారు ఒనోదెర గారు మళ్ళీ. ఎంతసేపు ఆగారని! నేను ఫుకి అక్క వీపునే చూస్తున్నాను. అనవే, అనవే అక్కా, పనికిమాలిన మాటలన్నీ అంటావు కదా, ఇదొక్కటీ అనవే అని మనసులో మొత్తుకుంటున్నాను. ఆవిడ ముందుకు తిరిగి కూర్చుంది.

"అయితే ఏకగ్రీవం" అన్నారాయన. ఎప్పట్లాగే అందరం లేచి, మూడేసి మూడేసి చప్పట్లు ఒక్క తాళంగా కొట్టి సభ ముగించాం. నా చేతులూ కొట్టాయి. చిన్నప్పటి నుంచి కొట్టి కొట్టి అలవాటు, ఒనోదెర గారు "ఊఁ" అనగానే కొట్టేశాయి.

అక్టోబరు 21

పొద్దున ఆస్పత్రి. మధ్యాహ్నం ఫుకి అక్క వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే మొదలెట్టింది.

"నీ మొగుడికి నోట్లో నాలుక లేదటే? ఊరంతా ఆయన వంకే చూస్తూ కూర్చుంటే!"

"నువ్వున్నావు కదా? నువ్వెందుకు మాట్లాడలేదు?"

"నేనెలా మాట్లాడతానే పిచ్చిదానా! ప్రాణం ఆయనది, పట్టాలు ఆయనవి. ఆయనే సరే అన్నాడని ఒనోదెర చెప్పాడు. ఆయన కంటే ముందు నేను ఎగిరితే, ఆయన జబ్బుని అడ్డం పెట్టుకుని నా రైలు నేను అడిగినట్టు ఉండదూ? ఆయన మొదటి మాట అననీ, వెనకాల నేను గొంతు చించుకుందామని నోరు తడుపుకుని కూర్చున్నాను. నేనే కాదు, పక్కింటాళ్ళూ అంతే, రంపం మిల్లువాళ్ళూ అంతే. ఇప్పుడే అడిగొచ్చాను."

నేను చెప్పులు వెతుక్కున్నాను.

"మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత ఊరికే పుట్టిందా?" అని ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. ఫుకి అక్క ఏడవడం నేను చూడలేదు ఎప్పుడూ. వాళ్ళాయన పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళకి వంట చేసింది.

ఆ కాళ్ళతోనే ఒనోదెర గారింటికి పరిగెత్తాను. ఆయన పెరట్లో పెర్సిమన్ పండ్లు తొక్క తీసి ఎండబెట్టడానికి దారానికి కడుతున్నారు. నేను మాట్లాడకముందే అన్నారు, "ఊరిపెద్దగా నేను వద్దనకూడదు కిసా. కచేరీ మాట మోసుకొచ్చేవాణ్ణి. అందుకే మీ ఇంట్లో అంతసేపు కూర్చున్నాను. తమేజి ఒక్కసారి వద్దు అంటే చాలు, ఊరి మాటగా కచేరీకి చెప్పేవాణ్ణి. ఎన్నిసార్లు అడిగానో నువ్వు విన్నావు."

విన్నాను. ముసలి నక్క అనుకున్నాను.

"ఇప్పుడు చెప్పండి. ఊరి మనసు మారిందని చెప్పండి."

"చప్పట్లు కొట్టేశాం కదమ్మా" అన్నారు. "ఏకగ్రీవమని ఆ కుర్రాడు రాత్రే పై వాళ్ళకి చెప్పుంటాడు. ఇప్పుడు కాదంటే వాడి మొహం ఏమవుతుంది? వచ్చే నెల వాడి పెళ్ళి కూడానూ."

వాడి మొహం! నా మొగుడి ప్రాణం ఒకవైపు, ఆ నుమకుర మొహం ఒకవైపు. అరవాలనిపించింది. నేనేం చేశాను? వాళ్ళావిడ రెండు పండ్లు గుడ్డలో చుట్టి ఇస్తే దండం పెట్టి తీసుకుని వచ్చాను.

సాయంత్రం ఈయనకి చెప్పాను.

"అందరికీ కావాలా?"

"అందరికీ."

"ఒనోదెరకి కూడా?"

"ఆయనకే ముందు."

"అలాగా" అన్నారు. లేచి వెనక్కి వెళ్ళి కట్టెలు పేర్చడం మొదలెట్టారు. అప్పటికే పేర్చి ఉన్నవి దించి, మళ్ళీ పేర్చారు.

నవంబరు 12

ముల్లంగి ఊరబెట్టాను. ఎప్పటికంటే సగమే. ఎందుకు సగమో ఈయన అడగలేదు, నేను చెప్పలేదు.

నవంబరు 25

కనుమ మీద మొదటి మంచు. బస్సు వచ్చింది. చూశారా, వస్తుంది.

డిసెంబరు 11

బస్సు వచ్చింది. ఆలస్యంగా.

డిసెంబరు 18

బస్సు రాలేదు.

డిసెంబరు 19

రాలేదు. కనుమలో మంచు చరియ విరిగి రోడ్డు మీద పడింది. రెండు యంత్రాలు పనిచేస్తున్నాయట. గాలికి హెలికాప్టరు రాదట. నేను ఫోను చేసిన ప్రతివాళ్ళూ ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నారు.

ఈయన కాళ్ళు ఉబ్బాయి, వేలు పెట్టి నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. పడుకుంటే ఊపిరాడదు. అడుగున కుంపటి ఉండే బల్ల మీద దిండు పెట్టి, దాని మీద వాలి కూర్చున్నారు. నీళ్ళు అడుగుతారు, ఇవ్వకూడదు. గుడ్డ తడిపి పెదాలకి అద్దుతున్నాను. ఊళ్ళో ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడి, ఏం చెయ్యాలో తోచక, మా ఇంటి ముందు మంచు తీసి పోతున్నారు. ఇంటి ముందు ఎంత తీస్తే ఏం లాభం? ఒనోదెర గారు మూడుసార్లు తీశారు.

కిటికీలోంచి లైను కనిపిస్తోంది. ఈ గాలిలోనైనా మంచు తోసే ఇంజను వచ్చేది. ఎప్పుడూ వచ్చేది. పెద్ద మంచు ఏడాది ఈయన జట్టు సొరంగం దాకా చేత్తో తవ్వుకుంటూ పోయి, పురిటి నొప్పులతో ఉన్న ఫుకి అక్కని రైలెక్కించింది. ఈవేళ ఆ ఫుకి అక్క ఈయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. సామెత ఒక్కటీ చెప్పలేదు.

"అందరికీ పనులు మాన్పించాను" అన్నారు ఈయన. నోరు మూసుకోండి అని అరిచాను. పెళ్ళయ్యాక మొదటిసారి.

డిసెంబరు 20

దారి తీశారు. యంత్రం వెనకాలే అంబులెన్సు వచ్చింది. బతికారు.

డిసెంబరు 22

డాక్టరు అన్నాడు, ఇంకోసారి ఇలాగైతే నా చేతిలో ఉండదు, కిందికి వచ్చేయండి అని. ఈయన సరే అన్నారు. దేనికైనా సరే అనే మనిషి. ఆ మాటకి మాత్రం అటు తిరిగి పడుకున్నారు.

డిసెంబరు 28

ఇల్లు మారాం. ఊరంతా వచ్చి సామాను ఎక్కించింది. ఒక్కరైనా ఉండిపొమ్మనలేదు. ఎలా అంటారు?

ఫిబ్రవరి 9

సకాషిత ప్రభుత్వ ఇళ్ళలో మూడో అంతస్తు. వెచ్చగా ఉంటుంది. మంచు తియ్యక్కర్లేదు. ఆస్పత్రి నడిచిపోయేంత దగ్గర. ఈయన ఒళ్ళు బాగుంది. అంతా సుఖమే.

మార్చి 16

అంతా సుఖమే. ఈయన ఆస్పత్రికి తప్ప గడప దాటరు. కొట్టుకి తోడు రమ్మన్నాను. ఇక్కడ ఎవరూ తెలీదు కదా అన్నారు. తెలిసినచోట మొహమాటం, తెలీనిచోట బెరుకు. నేనేం చెయ్యను ఈ మనిషిని?

ఏప్రిల్ 20

ఫుకి అక్క ఫోను చేసింది. స్టేషను దగ్గర చెర్రీలు విరిశాయట. ఎవరూ గడ్డి తియ్యడం లేదట.

మే 13

నుమకుర వచ్చాడు. మళ్ళీ మిఠాయి పెట్టె. వేలికి పెళ్ళి ఉంగరం. చరిత్ర పుస్తకం అచ్చయింది, ఒకటి ఈయన చేతికి రెండు చేతులా ఇచ్చాడు. తర్వాత ఇంకా కిందికి వంగి అన్నాడు, "జూన్ ఒకటిన పట్టాలు తీసే పని మీ ఊరి ఉషిబుచి స్టేషను నుంచి మొదలుపెడుతున్నాం. చిన్న వీడ్కోలు సభ. మొదటి బోల్టు తమేజి గారి చేతుల మీదుగా విప్పిస్తే లైనుకి గౌరవంగా ఉంటుందని అందరూ అనుకున్నారు."

ఈయన నోరు తెరిచేలోగా నేనన్నాను. అక్టోబరులో అనాల్సింది మేలో అన్నాను.

"వద్దు. ఆయన రారు."

నుమకుర నవ్వాడు. "మీరు అలా అంటారని తెలుసు. ఇంత పెద్ద గౌరవం మాకెందుకని..."

"గౌరవం గొడవ కాదు బాబూ. ఆయన రారు."

"అయ్యో, మీ వినయం నన్ను సిగ్గుపడేలా చేస్తోంది. కానీ ఈ గౌరవానికి వేరే ఎవరున్నారు చెప్పండి?"

"వద్దంటే వద్దు!" అన్నాను. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

వాడి కళ్ళూ చెమ్మగిల్లాయి. "మీరు ఇంతగా కదిలిపోతారనుకోలేదు. చాలా సంతోషం. తొమ్మిదింటికి కారు పంపిస్తాను" అని తల నేలకి ఆనించాడు.

మూడుసార్లు వద్దన్నాక ఒప్పుకోవడం మా మర్యాద. నేను సరిగ్గా మూడుసార్లే అన్నాను. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు, కాదంటే ఇంకా బాగా ఒప్పుకున్నట్టు. ఇంక ఏ మాట మిగిలింది నాకు?

నాలుగోసారి అనేలోగా ఈయన అన్నారు, "సరే. శ్రమ ఇస్తున్నాను."

జూన్ 1

ఎండగా ఉంది. కారు పంపించారు. ఈయనకి పాత యూనిఫాం వదులైపోయింది, వెనక పిన్నులు పెట్టి బిగించాను. ఊరంతా స్టేషనులో ఉంది, అందరూ మంచి బట్టల్లో. బ్యాండు వాయించారు. చరిత్ర పుస్తకంలోంచి చెప్పుల ముసలమ్మల కథ చదివితే అందరూ నవ్వారు.

ఈయన్ని పట్టాల దగ్గరికి తీసుకెళ్ళి చేతికి పొడుగు పానా ఇచ్చారు. ముందే ఎవరో బోల్టు వదులు చేసి పెట్టినట్టున్నారు, ముసలాయన ఇబ్బంది పడకూడదని. ఈయన పట్టాకి ఎడం వైపు చూసి, కుడి వైపు చూసి, వేలు చూపించి "సరిగా ఉంది" అని గట్టిగా పలికారు, డ్యూటీలో పలికినట్టు. ఒక్క తిప్పుకే బోల్టు వచ్చేసింది. చప్పట్లు.

పత్రికల వాళ్ళలో ఒకడు చెయ్యెత్తి, "ఫొటో సరిగా పడలేదండీ, ఇంకోసారి చేస్తారా? మళ్ళీ బిగించి విప్పుతారా?" అన్నాడు.

"తప్పకుండా" అన్నారు ఈయన.

బిగించడం మొదలుపెట్టారు. ఒక తిప్పు చాలు, ఫొటోకి. కానీ ఈయన రెండో తిప్పు తిప్పారు, మూడోది తిప్పారు. కాళ్ళు ఎడంగా పెట్టి, పానా మీద మొత్తం ఒళ్ళు వేసి, మెడ నరాలు తేలేలా బిగిస్తున్నారు. డయాలసిస్ చెయ్యి, ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. ఏవండీ, చాలండీ అని నేను కేకేశాను. వినలేదు. ఆ మొహం నేను మా పెళ్ళయిన కొత్తలో చూశాను, అన్నం క్యారేజీ తీసుకుని లైను మీదికి వెళ్ళినప్పుడు. అంతమంది ఉన్నారని కూడా మర్చిపోయారు. ఆ బోల్టు మీద నుంచి రేపు పొద్దున రైలు పోవాలన్నట్టు బిగించారు.

"ఇక విప్పండి" అన్నాడు ఫొటోవాడు.

విప్పబోయారు. రాలేదు. మళ్ళీ పట్టారు. రాలేదు. బ్యాండు వాళ్ళు వాయించాలో వద్దో తెలీక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఊరంతా నిలబడి చూస్తోంది. నుమకుర సైగ చేస్తే కంట్రాక్టరు మనుషులు ఇద్దరు హెల్మెట్లు సర్దుకుంటూ యంత్రం పట్టుకొచ్చారు.

ఈయన లేచి పక్కకి జరిగి వాళ్ళకి చోటిచ్చారు. టోపీ తీసి ఆ కుర్రాళ్ళిద్దరికీ నడుము వంచి దండం పెట్టారు.

"మరీ బిగించేశాను. మీకు శ్రమ ఇచ్చాను, ఏమనుకోకండి" అన్నారు.